మూసేవేళ బాబాయ్

మా బాబాయ్ ఏ తలుపైనా మూసేవేళకే తట్టేవాడు. ఆయనలో ఉన్న లోపం అదొక్కటే. కాకపోతే ఆ ఒక్కదానితోనే చుట్టూ ఉన్నవాళ్ళ ప్రాణాలు తోడేసేవాడు. దుకాణం కానివ్వండి, ఆస్పత్రి కానివ్వండి, అక్కడివాళ్ళు దీపాలార్పి, షట్టరు సగం కిందికి లాగి, "హమ్మయ్య, ఇవాళ్టికి అయింది" అనుకునే క్షణానికి సరిగ్గా ఊడిపడేవాడు. మరుపు వల్ల కాదు, బద్ధకం వల్ల అంతకన్నా కాదు. కావాలని. ఎదురుగా ఎక్కడో కూర్చుని, వాళ్ళు తాళంచెవులు బయటికి తీసేదాకా కాపుకాసి మరీ.

ఆయన నాకు చుట్టం కాదు. సైన్యంలో మా దళానికి స్టోరుకీపరు. బూట్లు, కంబళ్ళు, గుడారాలు, నీళ్ళ సీసాలు అన్నీ ఆయన గుప్పిట్లో ఉండేవి. రిటైర్మెంటు దగ్గర పడిన మనిషి కాబట్టి మా కుర్రకారంతా బాబాయ్ అనేవాళ్ళం, వాళ్ళావిణ్ణి పిన్ని అనేవాళ్ళం. నేను వైర్‌లెస్ ఆపరేటర్ని. చెవులకి డిప్పలు తగిలించుకుని రోజంతా గరగరలు వినడం నా ఉద్యోగం. నా గది ఆయన స్టోరు పక్కనే ఇచ్చారు. అదీ నా ఖర్మ.

ఆ దళంలో చేరిన మొదటి రోజు రైలు ఆలస్యమై, వానలో ముద్దగా తడిసి, స్టోరు మూసేశాక చేరాను. కంబళి లేదు, పొడిబట్ట లేదు. భయపడుతూ తలుపు తట్టాను.

"వేళాపాళా లేదా? ఇది స్టోరనుకున్నావా, నీ అత్తారిల్లనుకున్నావా? సైన్యంలో చేరే మొహమేనా ఇది? తుడుచుకో ముందు!" అని లోపలినుంచి ఒక గొంతు తిట్లు అందుకుంది. ఆ తిట్లు తిడుతూనే గడియ తీసింది, తిడుతూనే ఒక తువ్వాలు నా మొహాన కొట్టింది, తిడుతూనే రెండు కంబళ్ళు చేతిలో పెట్టింది. ఒక్కటే ఇవ్వాలని రూలు. "రెండోది ఎందుకండీ?" అంటే, "వణుకుతూ ప్రశ్నలొకటి!" అని ఇంకో విడత తిట్టింది. అదే బాబాయ్‌తో నా మొదటి పరిచయం.

ఆయన గుణం నాకు పూర్తిగా తెలిసింది మాత్రం మంగలి షాపు దగ్గర. మర్నాడు పరేడు ఉంది, జుట్టు కత్తిరించుకోవాలి. మధ్యాహ్నమే వెళ్దామంటే వినడే! షాపుకి ఎదురుగా ఉన్న టీ బండి దగ్గర కూర్చోబెట్టి, నాలుగు టీలు తాగించి, మంగలి మెయిన్ స్విచ్చి మీద చెయ్యి వేసినప్పుడు నన్ను లోపలికి తోశాడు. "ఒక్క తల, అంతే!" అన్నాడు. మంగలి గొణుక్కుంటూ మొదలుపెట్టాడు. ఎడమవైపు అయ్యేసరికి వీధి వీధంతా కరెంటు పోయింది. మర్నాడు పరేడులో కమాండరు గారు నా ఎడమపక్క నుంచి నడుచుకుంటూ వచ్చి "శభాష్" అన్నారు. కుడిపక్కకి వచ్చాక ఏమన్నారో ఇక్కడ రాయలేను.

ఆ శిక్షకి మైదానం చుట్టూ పరిగెడుతుంటే బాబాయ్ గట్టుమీద నిలబడి సంబరపడిపోతున్నాడు. "మంచి మంగలిరా! చీకట్లో కొవ్వొత్తి కోసం ఎలా వెతికాడో చూశావా? పాపం, దొరకలేదు గానీ. ఇంక మనకి ఈయనే."

"నా తల సగమే అయింది బాబాయ్!"

"తలదేముంది, అదే పెరుగుతుంది."

పన్ను నొప్పొచ్చినా అంతే. బుగ్గ బూరెలా పొంగి, కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా, పొద్దున్నించీ డాక్టరు గుమ్మం ఎదురుగా బల్ల మీద కూర్చున్నాడు. నర్సు రెండుసార్లు బయటికొచ్చి, "రండి, లోపల ఎవరూ లేరు" అని పిలిచింది. "ఇంకా మూయలేదు కదమ్మా" అన్నాడు బుగ్గ పట్టుకుని. ఆమెకి పిచ్చివాడనిపించి లోపలికెళ్ళి గడియ పెట్టుకుంది.

ఆయన పెళ్ళి కూడా అలాగే జరిగిందని పిన్ని చెప్పేది. "మధ్యాహ్నం వచ్చి నన్ను చూసి మాట్లాడతానని కబురు పెట్టాడు. చూసి చూసి కళ్ళు కాయలు కాశాయి. అందరం అన్నాలు తిని, గిన్నెలు కడిగి, తలుపేసుకున్నాక కొట్టాడు. తలుపు తీసి తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాను. ఆ కోపంలోనే అన్నం వండి పెట్టాను. మర్నాడు కబురొచ్చింది, నేను తెగ నచ్చేశానని!"

"ఎందుకు బాబాయ్ ఇలా చేస్తావు? వేళకి వెళ్తే నీ సొమ్మేం పోయింది?" అని ఒకసారి నిలదీశాను.

"తెరిచి ఉన్నప్పుడు అందరూ మంచివాళ్ళేరా. మూసేశాక ఎలా ఉంటారో చూడాలి" అన్నాడు. అంతకుమించి రాబట్టలేకపోయాను.

ఇలాంటి మనిషితో కలిసి నేను కాలేజీ ఎంచుకోవాల్సి వచ్చింది.

నాకు లెక్కల మాస్టారు కావాలని చిన్నప్పటినుంచీ ఆశ. స్కూలు చదువు అవగానే ఇంటి అవసరం కొద్దీ సైన్యంలో చేరాను గానీ, నల్లబల్ల కనిపిస్తే ఇప్పటికీ చెయ్యి దురద పెట్టేది. భోజనాల దగ్గర డ్రైవర్లకి భిన్నాలు చెప్పి తన్నులు తినబోయిన సందర్భాలున్నాయి. డిగ్రీ లేకుండా సర్వీసు ముగిస్తే బయట నాకు దొరికేది ఏ గేటు ముందో స్టూలు. అలాంటిది ఒకరోజు కమాండరు గారు చెప్పారు, దళం ఈ ఊళ్ళో ఇంకో మూడేళ్ళు ఉంటుంది, సాయంత్రం కాలేజీలో చదువుకుంటానంటే అనుమతిస్తాను, అని. డిగ్రీకి పట్టేది మూడేళ్ళు. ఈ ఏడు చేరితే చేరినట్టు, లేకపోతే ఈ జన్మకి లేనట్టు.

నేను ఎగిరి గంతేయబోతుంటే ఆయన ఇంకో మాట కలిపారు. "క్యాంపు నుంచి ఊళ్ళోకి బండి పంపాలి. ఒక్కడి కోసం పంపను. ఇద్దరుంటేనే బండి."

దళమంతా తిరిగాను. కాళ్ళా వేళ్ళా పడ్డాను. చదువంటే అందరూ పక్కకి తప్పుకున్నవాళ్ళే. చివరికి బాబాయ్ స్టోరు కిటికీలోంచి తల బయటపెట్టి, "నా పేరు రాయించు" అన్నాడు.

"నువ్వా? రిటైరయ్యే వయసులో నీకు డిగ్రీ ఎందుకు?"

"కంబళ్ళు లెక్కపెట్టడానికి లెక్కలు రావొద్దూ?"

ఆయనకి దణ్ణం పెట్టాను. ఆ దణ్ణం ఎంత తొందరపడి పెట్టానో వారం తిరక్కుండానే తెలిసింది.

ఊళ్ళో సాయంత్రం క్లాసులున్న కాలేజీలు మూడు. మొదటిది అద్దాల మేడ. ముందు పచ్చగడ్డి, మధ్యలో ఫౌంటెను, లోపల చల్లగాలి. నేను ఒక సెలవు రోజు పొద్దున ఒక్కణ్ణే వెళ్ళి చూసొచ్చాను. ఎంత మర్యాద! కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, మాట మాటకీ సర్ అన్నారు. నా జన్మలో నన్నెవరూ అన్నిసార్లు సర్ అనలేదు. లైబ్రరీలో కొత్త పుస్తకాల వాసన పీల్చుకుంటూ, ఇదే నా కాలేజీ అని అక్కడే నిర్ణయించేసుకున్నాను.

"పొద్దున చూస్తే ఏం తెలుస్తుంది, నీ మొహం" అన్నాడు బాబాయ్. మర్నాడు నన్ను లాక్కెళ్ళి ఫౌంటెను గట్టు మీద కూర్చోబెట్టాడు. ఫౌంటెను ఆగిపోయింది. దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. అప్పుడు లేచి అద్దం తలుపు తట్టాడు.

"క్షమించండి సర్. సమయం అయిపోయింది సర్. రేపు దయచేయండి సర్" అన్నాడు లోపలున్న కుర్రాడు, నవ్వుతూ.

"ఒక్కమాట బాబూ. పరీక్ష రోజున సిపాయికి ఆలస్యమైతే లోపలికి రానిస్తారా?"

"క్షమించండి సర్. మా తలుపులు వాటంతట అవే లాక్ అయిపోతాయి సర్." ఆ మాట అంటుండగానే తలుపు నిజంగానే టక్కున పడిపోయింది. అద్దం వెనకాల ఆ కుర్రాడు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

"ఇది వద్దు" అన్నాడు బాబాయ్.

"ఎంత మర్యాదగా మాట్లాడాడు!"

"మర్యాదగానే మూశాడు కదా."

రెండోది రాతి కమాను ఉన్న పాత కాలేజీ. గొప్ప పేరు. గోడల నిండా పెద్దపెద్దవాళ్ళ ఫోటోలు. అక్కడా అదే వేళకి, అదే ప్రశ్న. గుమస్తా కళ్ళజోడు పైనుంచి చూసి, "ఆలస్యమా? మా కాలేజీలో ఎవరూ ఆలస్యంగా రారు" అని కిటికీ చెక్క కిందికి దించేశాడు. బాబాయ్ వేళ్ళు వెంట్రుకవాసిలో తప్పించుకున్నాయి.

"ఇదీ వద్దు" అన్నాడు వేళ్ళు లెక్కపెట్టుకుంటూ.

అప్పటికి దరఖాస్తులకి గడువు దగ్గర పడింది. నాకు అన్నం సయించడం లేదు. "బాబాయ్, మూడోదానికైనా పొద్దున్నే వెళ్దాం, నీ కాళ్ళు పట్టుకుంటా" అన్నాను. "అలాగేలేరా" అన్నాడు. ఏం చేశాడో తెలుసా? ఆఖరి రోజు దాకా ఆగాడు! ఆఖరి రోజు, అదీ సాయంత్రం! దార్లో నేను ఆయన్ని అనని మాట లేదు. నా బతుకు నాశనం చేస్తున్నావన్నాను. నీ పిచ్చికి నా చదువు బలి అన్నాను. ఆయన బండి కిటికీలోంచి బయటికి చూస్తూ, "గాలి బాగుందిరా" అన్నాడు.

ఆ మూడో కాలేజీ కలప అడితి పక్కన రెండంతస్తుల పాత మేడ. రంపం పొట్టు గేటు దాకా ఎగిరొచ్చి పడుతోంది. బెంచీల కాళ్ళు ఊగుతున్నాయి. మేం మెట్లెక్కేసరికి ఆఫీసు సూపరింటెండెంటు గారు తాళం వేసి, భుజాన సంచీ, చంకలో గొడుగుతో ఎదురొచ్చారు. లావుపాటి మనిషి. మమ్మల్ని చూడగానే ఆవిడ మొహం మాడిపోయింది.

"మీకు గడియారాల్లేవా? నెలరోజుల నుంచి తెరుచుక్కూచున్నాను, ఇప్పుడు గుర్తొచ్చామా? సిపాయిలట సిపాయిలు! యుద్ధానికి కూడా ఇలాగే వెళ్తారా, అవతలివాళ్ళు ఇంటికెళ్ళాక? నా బస్సు పోతే మీ తాత తీసుకెళ్తాడా నన్ను?"

తిడుతూనే వెనక్కి తిరిగింది. తిడుతూనే తాళం తీసింది. భుజం మీద సంచీ దించకుండానే కూర్చుని, దీపం వేసి, "ఊఁ, తగలెయ్యండి ఆ కాగితాలు" అంది. బాబాయ్ మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి నా గుండె జారిపోయింది.

"అమ్మా, పరీక్ష రోజున సిపాయికి ఆలస్యమైతే లోపలికి రానిస్తారా?"

"అదేం ప్రశ్నయ్యా, చేరకముందే? చేరాక వేళకి రావడం నేర్చుకోండి! లోపలివాళ్ళు ఒక్కరు కూడా బయటికి వెళ్ళనంతవరకూ బయటివాణ్ణి రానివ్వచ్చు. ఒక్కడు ప్రశ్నపత్రం చూసి బయట అడుగుపెట్టాడా, ఇక దేవుడొచ్చినా తలుపు తియ్యను. సరేనా? సంతకం పెట్టు!"

పెట్టాం. ఆవిడ మళ్ళీ తాళం వేసుకుని మెట్లు దిగుతుంటే బాబాయ్ వెనక్కి తిరిగి, "అమ్మా, నా టోపీ లోపల మర్చిపోయాను" అన్నాడు. టోపీ ఆయన జేబులో ఉంది. నేను కళ్ళు మూసుకున్నాను. ఆవిడ ఇంకోసారి తిట్టింది, ఇంకోసారి తీసింది.

"ఇదేరా మన కాలేజీ!" అన్నాడు బాబాయ్ మెట్ల మీద డాన్సు చేసినంత పని చేస్తూ. "నవ్వి మూసేవాళ్ళు మనకెందుకు? తిట్టి తెరిచేవాళ్ళు కావాలి."

చల్లగాలి, ఫౌంటెను, సర్ అనే మాట, అన్నీ వదులుకుని ఆ రంపం పొట్టులో చేరాను. క్లాసులో మాతోపాటు ఒక బేకరీ ఆయన, ఒక నర్సు, ఒక టాక్సీ డ్రైవరు, ఇంకో పది పదిహేను మంది. బాబాయ్ తలుపు పక్క బెంచీ పట్టుకుని, మాస్టారు నల్లబల్ల తుడవకముందే నిద్రపోయేవాడు. ఆయన గురక, పక్క అడితిలో రంపం వంతులేసుకునేవి. ఏటా తప్పేవాడు. తప్పినా పై క్లాసులో కూర్చోనిచ్చే కాలేజీ కాబట్టి ఏటా నా వెనకాలే వచ్చేవాడు. "కాస్త చదువు బాబాయ్, పరువు పోతోంది" అంటే, "వింటున్నాగా" అనేవాడు కళ్ళు తెరవకుండా. మూడేళ్ళు అలా లాక్కొచ్చాను.

ఆఖరి ఏడు, ఆఖరి పరీక్ష. మధ్యాహ్నం మొదలవుతుంది. ఆ రోజు తెల్లారకముందే ఏరు పొంగింది. వంతెన అవతల ఇళ్ళలో జనం చిక్కుకున్నారు, వైర్‌లెస్ సెట్టు వేసుకుని బయల్దేరమని నాకు ఆర్డరు. రబ్బరు బూట్ల కోసం స్టోరుకి పరిగెత్తాను.

"పరీక్ష పెట్టుకుని ఏరు పొంగించుకుంటావా?" అని కసిరాడు బాబాయ్.

"నేను పొంగించానా?"

"నోర్ముయ్. పని చూసుకుని నేరుగా కాలేజీకి రా."

"ఎక్కడొస్తాను బాబాయ్? అప్పటికి మూసేస్తారు." సిగ్గు విడిచి చెప్తున్నాను, ఏడుపొచ్చింది.

"మూసేవేళకే రా! మూడేళ్ళుగా నీకేం నేర్పానురా నేను?"

పడవల్లో జనాన్ని దాటించేసరికి పొద్దు వాలింది. లారీ ఒకచోట బురదలో దిగబడింది. కాలేజీ గేటు దగ్గర దిగేటప్పటికి పరీక్ష సగం పైగా అయిపోయింది. నడుం దాకా బురద, వీపు మీద వైర్‌లెస్ సెట్టు ఇంకా గరగరమంటూనే ఉంది. లోపలికి రానివ్వరని తెలుసు. అయినా కాళ్ళు లాక్కొచ్చాయి. గేటు ముందు గొడుగు వేసుకుని, తాళంచెవుల గుత్తి పట్టుకుని సూపరింటెండెంటు గారు నిలబడి ఉన్నారు.

"గడియారం లేదా నీకు? కాళ్ళు పీకుతున్నాయి నిలబడలేక! ఆ బురదేమిటి, ఆ మొహమేమిటి? రా, రా! లోపల ఒక్కడు కూడా లేవలేదింకా. లేవనిస్తేగా మీ బాబాయ్!"

హాల్లో అడుగుపెట్టాను. బేకరీ ఆయన రాయడం ఎప్పుడో ముగించి పైకప్పుకేసి చూస్తున్నాడు. నర్సు చేతి గడియారం వంక చూసి నిట్టూరుస్తోంది. టాక్సీ డ్రైవరు కాళ్ళు బిగించుకుని కూర్చున్నాడు, అతని అవస్థ వేరే ఏదో ఉన్నట్టుంది. తలుపు పక్క బెంచీలో బాబాయ్ రెండు కాళ్ళూ గుమ్మానికి అడ్డంగా చాపుకుని, నాలుక కొరుక్కుంటూ రాసేస్తున్నాడు. మూడేళ్ళలో ఆయన మేలుకుని ఉండగా నేను చూసిన క్లాసు అదొక్కటే.

నన్ను చూసి కాళ్ళు తీశాడు. "ఇంత ఆలస్యమా, వెధవా!" అన్నాడు అందరూ వినేలా. నేను కూర్చుని కలం తీయగానే టాక్సీ డ్రైవరు కాగితాలు మాస్టారి చేతిలో పడేసి, నడవాలో పరుగందుకున్నాడు. వెనకే నర్సు, బేకరీ ఆయన. పోతూ పోతూ నర్సు నా భుజం తట్టింది. బాబాయ్ మాత్రం కదల్లేదు. మిగిలిన టైమంతా నేను రాస్తున్నంతసేపూ ఆయనా కలం పట్టుకుని కూర్చునే ఉన్నాడు.

బయటికొచ్చాక అడిగాను. "నేనొచ్చేశాగా బాబాయ్, ఇంకా ఎందుకు కూర్చున్నావు?"

"ఇద్దరుంటేనే బండి."

"అంతసేపు ఏం రాశావు?"

"ఎక్కాలు. లెక్కల పరీక్షేగా? నువ్వొచ్చేసరికి పంతొమ్మిదో ఎక్కంలో ఉన్నాను. ఇంకాస్త లేటైతే కష్టమయ్యేదిరా, ఇరవై దాటి నాకు రావు."

ఆయన నా వీపు మీది సెట్టు దించి తన భుజానికి తగిలించుకున్నాడు. "మన ఉద్యోగం మన చేతిలో ఉంటుందట్రా? మనం ఎక్కడికైనా వేళ దాటాకే కదా చేరేది? అప్పుడు తలుపు తీసేవాళ్ళు ఎవరో ముందే చూసి పెట్టుకోవాలి" అన్నాడు. అని వెంటనే, తను మంచిమాట ఏదో అనేశానని భయం వేసినట్టు, "ఆ బూట్లు కడిగి ఇవ్వకపోతే చంపేస్తా" అన్నాడు.

నేను పాసయ్యాను. బాబాయ్ అన్ని పేపర్లూ తప్పాడు. ఆ రోజు వాళ్ళింట్లో భోజనం వడ్డిస్తూ పిన్ని, "ఈయనకి డిగ్రీ ఏమిటయ్యా, నీ పిచ్చి గాని! నీకు తోడు దొరక్క తిరుగుతున్నావని తెలిసి పేరిచ్చొచ్చాడు. మూడేళ్ళు ఆ బెంచీ మీద పడుకుని నడుం పట్టేసింది, రోజూ నూనె రాయలేక చచ్చాను" అంది. బాబాయ్ తల వంచుకుని మజ్జిగ కలుపుకుంటున్నాడు. నేను ఆయన వంక చూడలేకపోయాను.

ఇప్పుడు నేను లెక్కల మాస్టార్ని. మొన్న స్కూలు అయిపోయి, పిల్లలంతా వెళ్ళిపోయి, తరగతి గదికి తాళం వేసి మెట్లు దిగుతున్నాను. ఎదురుగా టీ బండి దగ్గర బల్ల మీంచి ఒక ముసలాయన లేచి, ప్యాంటు దులుపుకుని, తీరిగ్గా నడుచుకుంటూ వచ్చాడు.

"కాస్త నీ క్లాసు చూపించరా" అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "పొద్దున్నించీ అక్కడే కూర్చున్నావా? రావడానికి ఇదా వేళ? ఒక కబురైనా పెట్టకూడదా? ఎండలో ఆ బల్ల మీద, ఈ వయసులో, ఆ నడుంతో! పిన్ని ఎలా పంపించిందసలు నిన్ను?" అని అరుస్తూ వెనక్కెళ్ళి తాళం తీశాను, ఫ్యాను వేశాను, నా కుర్చీలో కూర్చోబెట్టాను, మంచినీళ్ళిచ్చాను.

బాబాయ్ నీళ్ళు తాగి, నల్లబల్ల వంక, బెంచీల వంక, చివరికి నా వంక చూశాడు.

"ఎలా ఉంది?" అన్నాను.

"బాగానే తెరిచావు గానీ, తిట్టడం ఇంకా సరిగ్గా రాలేదురా" అన్నాడు. "రేపు మళ్ళీ వస్తాను."